అమ్మ చెప్పని తారీఖు

మా సంఘంలో కొత్తగా ఎవరు అడుగుపెట్టినా, చెప్పులు విప్పి చాప మీద సరిగ్గా కూర్చోకముందే ఒక ప్రశ్న ఎదురయ్యేది. పేరు అడిగాక, ఊరు అడిగాక, "ఎప్పుడు రక్షింపబడ్డారు?" అని. చిన్నప్పటి నుంచీ నమ్ముకున్నామంటే కుదరదు. తారీఖు కావాలి, నెల కావాలి. పొద్దుననా సాయంత్రమా అన్నది కూడా చెబితే మరీ సంతోషం, అందరూ "స్తోత్రం" అనేవాళ్లు. తల్లి కడుపున పుట్టినవాడికి పుట్టినరోజు ఉన్నట్టే, తిరిగి పుట్టినవాడికీ ఒక రోజు ఉండి తీరాలని మా పెద్దల లెక్క. ఆ రోజు చెప్పలేనివాడు ఇంకా పుట్టలేదన్నమాట. పుట్టనివాడికి బాప్తిస్మం లేదు. బాప్తిస్మం లేనివాడికి ప్రభువు బల్లలో పాలు, అంటే వంతు, లేదు, రొట్టె ముక్క లేదు, ద్రాక్షరసం లేదు. మా అమ్మకు ఆ తారీఖు లేదు. నా చిన్నతనాన్నీ, ఆ తరవాత ఇంకా కొన్నేళ్లనీ ఈ ఒక్క సంగతి కాల్చుకు తిన్నది. ఇప్పుడు రాస్తుంటే కూడా ఒళ్లు మండుతోంది, ఏం చేయను.

వరంగల్‌లో అండర్ బ్రిడ్జి దాటి కొంచెం లోపలికి వెళితే రేకుల కప్పు వేసిన హాలు ఉండేది. సిలువ లేదు, గంట లేదు, పీఠం లేదు. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క చాపల మీద కూర్చోవాలి. డెబ్బయ్యో దశకం మధ్యలో నాయన మమ్మల్నందరినీ వెంటేసుకుని అక్కడ చేరాడు. అంతకుముందు నాయన సంగతి మా వాడ మొత్తానికీ తెలుసు. బట్టల మిల్లులో సాంచాల మీద నేత పని, జీతం రోజు గుడుంబా, మిగతా రోజులు అప్పు మీద గుడుంబా. మార్చి నెలలో ఒక శనివారం సాయంత్రం మైదానంలో సువార్త కూటాలు జరుగుతుంటే, నవ్విపోదామని వెళ్లి నిలబడ్డాడు. నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఏడ్చాడు. ఆ రోజు నుంచి చుక్క ముట్టలేదు. ఇది నిజం, నేను కళ్లారా చూశాను, ఇందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. నాయనకు తారీఖు ఉంది. ఉండటమేమిటి, మా సంఘం మొత్తంలో అంత గట్టి తారీఖు ఇంకెవరికీ లేదు.

ఆ తారీఖుకు తగ్గ సాక్ష్యమూ ఉంది. నాయన లేచి సాక్ష్యం చెబుతుంటే పసిపిల్లలు కూడా ఏడుపు ఆపేవాళ్లు. తొర్రూరు పక్క పల్లెల నుంచీ, స్టేషన్ ఘన్‌పూర్ నుంచీ పిలిపించుకుని మరీ చెప్పించుకునేవాళ్లు. "నేను పాపులల్ల మొదటోన్ని. తాగొచ్చి అన్నం గిన్నె ఇసిరికొట్టినోన్ని. ఇగో, గీ చేత్తోనే నా భార్యను జుట్టు వట్టి వాకిట్లకు గుంజినోన్ని" అని కుడిచెయ్యి పైకెత్తి చూపించేవాడు. అప్పుడు హాలంతా ఒక్కసారి మా వైపు తిరిగి అమ్మను చూసేది. ఆ చూపులు నాకిప్పటికీ గుర్తు. అమ్మ నెత్తి మీద కొంగు ఇంకొంచెం ముందుకు లాక్కుని చాప పోగులు సరిచేస్తూ కూర్చునేది. తన్నులు తిన్నది ఆమె, స్తోత్రాలు వచ్చింది ఆయనకు. ఏడాదికేడాదికి ఆ సాక్ష్యానికి ఉప్పూ కారం కూడా పడుతూ వచ్చాయి. ఒకసారి ఇంటికి నడిచి వస్తుంటే అమ్మ తాపీగా అంది, "ఏమయ్యా, ఇయ్యాల రెండు గిన్నెలు ఇసిరినవు. గప్పుడు మనింట్ల ఉన్నదే ఒక్క గిన్నె."

అమ్మది తొర్రూరు దగ్గర పల్లె. వాళ్ల తాతల నాడే మిషను గుడిలో చేరిన కుటుంబం. పసిబిడ్డగా ఉన్నప్పుడే నెత్తిన నీళ్లు చిలకరించారు. మా సంఘం లెక్కలో అది బాప్తిస్మం కాదు, ఉత్త తల తడపడం. చదువు రాదు. మిర్చి గోదాముల్లో తొడిమలు తీసే పనికి పోయేది. వేళ్లు మండుతున్నా, దగ్గు తెరలు తెరలుగా వస్తున్నా, పెదవులు మాత్రం కదులుతూనే ఉండేవి. ప్రార్థన అని పేరు పెట్టి మోకరించడం ఆమెకు పెద్దగా అలవాటు లేదు. ప్రభువుతో మాట్లాడేది, అంతే. ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు. "ఇగో సూడు, బియ్యం అయిపోయినయి, నాకైతే ఏం తోస్తలేదు, నువ్వే జర ఆలోచన చెయ్యి" అనేది. కోపమొస్తే కసిరేది కూడా. నాయన తాగొచ్చి గోల చేసి పడిపోయాక, అమ్మ నేల మీది అన్నం ఎత్తుతూ అట్లాగే మాట్లాడుతుంటే, వంటింట్లో ఇంకెవరో ఉన్నారనుకుని నేను లోపలికి తొంగి చూసేదాన్ని.

అలాంటి మనిషిని పట్టుకుని మా పెద్దలు నీకు రక్షణ నిశ్చయత లేదన్నారు.

మొదటిసారి వాళ్లు మా ఇంటికి వచ్చింది నాయన బాప్తిస్మం పొందిన ఏడాదే. సంఘంలో ముఖ్యమైన పెద్దాయన కాజీపేటలో రైల్వే ఉద్యోగి, కోస్తా వైపు నుంచి వచ్చినాయన. ఆయన దుర్మార్గుడైతే నాకీ బాధ ఉండకపోను, నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఆయన మంచివాడు. మా ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా సైకిలు మీద వచ్చి ప్రార్థన చేసి, బత్తాయిలు ఇచ్చి పోయేవాడు. ఆ రోజు కూడా మంచం మీద నిటారుగా కూర్చుని ఎంతో నెమ్మదిగా అడిగాడు.

"అమ్మా, మీరు ఏ దినమున ప్రభువును స్వంత రక్షకునిగా అంగీకరించారు?"

అమ్మ టీ గ్లాసులు కింద పెట్టి, "నాకు తెలివొచ్చినకాన్నుంచి ఆయన మా ఇంట్లనే ఉన్నడయ్యా" అంది.

"అది తల్లిదండ్రుల విశ్వాసమమ్మా. మీకంటూ ఒక దినము ఉండాలి కదా. పుట్టినరోజు లేకుండా ఎవరైనా పుడతారా?"

"అయ్యా, నా పుట్టినరోజే నాకెరుక లేదు. మా ఊళ్లె ఎవ్వలికి ఎరుక? వానలు బాగ కొట్టిన యేడు అని మా అవ్వ చెప్పేది. గట్లని నేను పుట్టకుండనే ఉన్ననా?"

నాకు నవ్వాగలేదు. పెద్దాయనా నవ్వాడు. నవ్వి, కళ్లు మూసుకుని, ఈ సహోదరికి నిశ్చయత దయచేయమని చాలాసేపు ప్రార్థించి వెళ్లిపోయాడు. అంతే. బాప్తిస్మం వాయిదా. నాయన వాకిలి దాకా సాగనంపి వచ్చి, "ఒక్క తారీఖు చెప్పెతందుకు నోరొస్తలేదా నీకు?" అని గునిశాడు.

సంఘంలో ఆడవాళ్లు మాత్రం ఇంకో దారి చూపించారు. మా వాడలోనే ఉండే ఒక అక్క, నల్లా దగ్గర బిందె నింపుతూ గొంతు తగ్గించి చెప్పింది. "ఏదో ఒకటి చెప్పరాదు అక్కా. ఎవడు పోయి చూసొస్తడు? మా ఆయన చెప్పిన తారీఖే నేనూ చెప్పిన. ముంచిండ్రు, రొట్టె ఇస్తాండ్రు, అయిపాయె." అమ్మ బిందె ఎత్తుకుంటూ, "దేవునికాడ అబద్ధమాడి దేవుని రొట్టె తినాల్నా? నాతోని కాదు చెల్లె" అంది. నేను పక్కనే ఉన్నాను. అప్పటికి నాకు అమ్మ మీద కూడా చిరాకే. అందరూ చేసేదే కదా, చెప్పేస్తే పోయేదానికి ఇంత పంతమేమిటి అనిపించేది.

నాకు తారీఖు సులువుగానే దొరికింది. వేసవి సెలవుల్లో యవ్వనస్థుల కూటాలు పెట్టినప్పుడు ఏడ్చాను, నిజంగానే ఏడ్చాను. పాపినని తెలిసింది, క్షమించాడనీ తెలిసింది. ఆ రోజును నేనిప్పటికీ కాదనను. పెద్దలు అడిగితే గడగడా చెప్పాను. హాలు వెనక సిమెంటు తొట్టిలో నన్ను ముంచి లేపారు. అమ్మ ఒడ్డున తువ్వాలు పట్టుకుని నిలబడి, నా తల తుడుస్తూ ముద్దు పెట్టుకుంది. తరవాతి ఆదివారం నేను మొదటిసారి బల్లలో పాలుపొందాను. ఆరాధనలో స్టీలు పళ్లెంలో ఒకే రొట్టె పెట్టి, ప్రార్థన చేసి విరిచి, వరసగా చేతులు మార్చేవాళ్లు. పాలు ఉన్నవాళ్లు చిన్న ముక్క తుంచుకుంటారు, లేనివాళ్లు తల వంచుకుని పక్కవాళ్లకు అందిస్తారు. ఆ రోజు పళ్లెం అమ్మ చేతికి వచ్చింది. అమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుని నాకు అందించింది. నేను తీసుకున్నాను. అవతల మగవాళ్ల వరసలో నాయన కళ్లు మూసుకుని నములుతున్నాడు. నేను కూడా నమిలాను. తెలివి వచ్చినప్పటి నుంచీ ప్రభువును ఎరిగిన మనిషి, నిన్నగాక మొన్న ఏడ్చిన నాకు పళ్లెం అందిస్తోంది! దీన్ని మా సంఘంలో క్రమం అనేవాళ్లు.

ఆ క్రమాన్ని కొన్ని నెలలు ఓర్చుకున్నాను. ఒక ఆదివారం నా వల్ల కాలేదు. పళ్లెం వచ్చింది, ముక్క తుంచుకోకుండా పక్కామెకు ఇవ్వబోయాను. అమ్మ నా తొడ మీద ఎంత గట్టిగా గిల్లిందంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగు చాటున, పళ్ల మధ్య నుంచి, "తీస్కో" అంది. తీసుకున్నాను. బయటికి వచ్చాక దులిపేసింది. "నీ కోపం ఎవని మీద? వాళ్ల మీద ఉంటే వాళ్లనడుగు. నడుమల ప్రభువేం చేసిండు? నాకు అందుతలేదని నువ్వు కూడ కాదంటవా? బుద్ధున్నదా నీకు?" అని రోడ్డు మీదే తిట్టింది. నేను మొహం మాడ్చుకుని ఆమె వెనక నడిచాను. తిట్లు తినాల్సింది లోపల కూర్చున్న పెద్దలు, తిన్నది నేను.

ఎనభయ్యో దశకం మొదలయ్యేసరికి నాయన కూడా సంఘ పెద్దల్లో ఒకడయ్యాడు. పెద్దవాడి భార్య బల్లకు బయట కూర్చోవడం నలుగురిలో బాగాలేదని చర్చ వచ్చిందట. పదిమంది ఆత్మలు నశిస్తున్నాయన్నా అంత హైరానా పడేవాళ్లు కాదేమో. మొత్తానికి దారి వెతికారు. మళ్లీ మా ఇంటికే వచ్చారు. ఈసారి నాయన వాళ్ల పక్కన కూర్చున్నాడు, అమ్మ ఎదురుగా పీట మీద. నేను గడప దగ్గర నిలబడ్డాను.

పెద్దాయన ముఖం వెలిగిపోతోంది. "అమ్మా, మేము ప్రార్థనలో కనిపెట్టాము. ఇంటి యజమాని నమ్ముకున్నప్పుడు ఇంటిల్లిపాదికీ రక్షణ వచ్చిందని వాక్యంలో చూస్తున్నాము. కనుక మన సహోదరుడు రక్షింపబడిన దినమే మీ దినము కూడా. మీరు దానికి అవునంటే చాలు, వచ్చే ఆదివారమే బాప్తిస్మం."

నాయన ఆత్రంగా అమ్మ వైపు చూశాడు. మార్చి నెల, శనివారం సాయంత్రం. ఎంత సులువు! ఇంట్లో అందరికీ కంఠతా వచ్చిన తారీఖు. ఒక్క అవును. అమ్మకు ఆ రొట్టె మీద ఎంత ఆశ ఉండేదో నాకు తెలుసు. ఆరాధన రోజు పొద్దున్నే తలస్నానం చేసి, రాదని తెలిసీ, ఏమీ తినకుండా వచ్చేది. నేను లోపల్లోపల "అనమ్మా, అనేసేయ్" అని మొక్కుకున్నాను.

అమ్మ నాయన వైపు కాకుండా పెద్దాయన వైపే చూసి అడిగింది.

"అయ్యా, ఆ రోజు నుంచే ఆయన నాకు దేవుడైతే, మరి ఈయన తాగినన్ని యేండ్లు నేనెవ్వలితోని మాట్లాడిన?"

బయట రిక్షా గంట వినబడింది. పెద్దాయన చేతిలోని టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఈయన నన్ను వాకిట్లకు గుంజిననాడు నాకు ఆయన ఉన్నడు. పిల్లలు ఆకలికి ఏడ్చిననాడు ఉన్నడు. గప్పుడు లేడని ఇయ్యాల చెప్పమంటరా? నేను చెప్ప."

పెద్దాయన నిజంగా కదిలిపోయాడు, కళ్లు తుడుచుకున్నాడు. ఇక సరే అంటాడనుకున్నాను. అనలేదు. "మంచి మాట చెప్పావమ్మా. అయినా దినము తెలియాలి. ప్రార్థన చేద్దాం" అన్నాడు! నా అరికాలి మంట నెత్తికెక్కింది. గడప దగ్గర నుంచి ఏదో అనబోతే నాయన గుడ్లురిమాడు. వాళ్లు వెళ్లాక నాయన నా పరువు తీశావంటూ ఇల్లు దద్దరిల్లేలా అరిచాడు. అమ్మ గ్లాసులు కడుగుతూ, "నీ తారీఖు నీకే ఉండనియ్యయ్యా. గది మంచి రోజే, నాకు గంత మంచి రోజు ఇంకోటి లేదు. కాని నేను ఆనాడు పుట్టలే" అంది.

మరునాడు నేను అమ్మను నిలదీశాను. "హన్మకొండల పాత మిషను గుడి ఉన్నది కదనే. ఆడ నీకు ఎదురొచ్చి ఇస్తరు. పోదాం పా. ఈడ ఎందుకు పడి ఉండుడు?" అమ్మ బియ్యంలో రాళ్లు ఏరి, చాట పక్కన పెట్టి, "మీ నాయిన ఈడనే మారిండు బిడ్డా. నేను ఇంకో దిక్కు పోతే ఆయన ఈడ తల ఎత్తుకోలేడు. తల ఎత్తుకోనోడు మల్ల సీసా దిక్కు పోతడేమోనని నాకు ఫికర్. నాకు రొట్టె లేకున్నా బతుకుత" అంది. అంటే ఆయన నిలబడటానికి ఈమె బయట కూర్చోవాలి. ఈ మాట నేను మా పెద్దలకు ఎవరికీ చెప్పలేదు. చెప్పినా వాళ్లు దానికీ ఒక ప్రార్థన చేసి పోయేవాళ్లు.

ఆ తరవాత కొన్నేళ్లకు, మిర్చి సీజన్లో, గోదాములోనే అమ్మకు గుండెలో నొప్పి వచ్చింది. పెద్ద దవాఖానలో వేశాం. పెద్దాయన పొద్దున్నే వచ్చాడు. ఎప్పటిలాగే బత్తాయిలు తెచ్చాడు, ఎప్పటిలాగే చక్కగా ప్రార్థించాడు. నేను వరండాలో ఆయనకు అడ్డం పడ్డాను. సిగ్గు విడిచి అడిగాను. "అయ్యగారూ, ఇప్పటికైనా ఒక్క ముక్క ఇయ్యిండ్రి. మీ చేత్తోని. నేనెవ్వలికి చెప్ప." ఆయన నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. ఏడుస్తూనే, "నా చేతిలో లేదమ్మా, క్రమం" అన్నాడు. ఆ కన్నీళ్లను చూసి జాలి పడాలో, చెంప పగలగొట్టాలో నాకు తెలియలేదు. లోపలికి వెళితే అమ్మ పెదవులు కదులుతున్నాయి. ఎవరికో నన్ను అప్పగిస్తున్నట్టు నా పేరు రెండుసార్లు వినబడింది. ఆ మధ్యాహ్నమే పోయింది.

సమాధి కార్యక్రమంలో పెద్దాయన లేచి అమ్మ జీవితం గురించి నాలుగు మాటలు చదివాడు. ఫలానా ఊరిలో పుట్టింది, ఫలానా వారిని పెండ్లాడింది, మార్చి నెలలో ఫలానా తారీఖున రక్షింపబడింది. నేను తల ఎత్తాను. అందరూ "స్తోత్రం" అన్నారు. నాయన తల దించుకున్నాడు. ఆ తారీఖు ఇచ్చింది ఆయనే. బతికున్నన్నాళ్లూ ఆమె నోటితో చెబితే తప్ప కాదన్న పెద్దలు, చచ్చిపోయాక ఆయన చెబితే మారు మాట లేకుండా తీసుకున్నారు. నల్లా దగ్గర సలహా చెప్పిన అక్క నా భుజం పట్టుకోకపోతే, ఆ రోజు అక్కడ ఏం చేసి ఉండేదాన్నో నాకే తెలియదు.

నెల తిరగకముందే నాయన ఖిలా వరంగల్ దగ్గర రాళ్లు చెక్కే మనిషికి పని ఒప్పజెప్పాడు. నేను వెళ్లేసరికి రాయి నిలబెట్టడం కూడా అయిపోయింది. అమ్మ పేరు, దాని కింద 'రక్షింపబడిన దినము' అని నాయన తారీఖు, దాని కింద పోయిన రోజు. అక్షరాలు లోతుగా, అందంగా ఉన్నాయి. ఆమె జీవితమంతా ఆడనన్న అబద్ధం ఒక్కటే. దాన్ని తీసుకొచ్చి ఆమె తల దగ్గరే పాతారు.

"గిదేంది నాయినా?" అన్నాను. "బతికున్నప్పుడు ఒప్పుకోలే కదా. ఎవ్వలిని అడిగి రాయించినవు?"

నాయన అరుస్తాడనుకున్నాను. ఆయన రాయి పక్కనే మట్టిలో కూలబడ్డాడు. పరువు కోసం రాయించాడని నేను అప్పటిదాకా అనుకున్నాను. అది కాదు. ఆయన ముఖంలో ఉన్నది భయం, పచ్చి భయం. అన్నేళ్లు విన్న బోధ ఆయన ఒంటికి పట్టింది, తాగుడుకన్నా గట్టిగా పట్టింది.

"తారీఖు లేకుంటే ఎట్ల బిడ్డా?" అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. "రేపు నేను పరలోకం పోత. పోయినంక ఆడ మీ అమ్మ కనవడకుంటే? నేనేం చెయ్యాలె చెప్పు?"

నాకు ఆయన మీద జాలి వేసింది, కోపమూ తగ్గలేదు.

"కనవడకుంటే, నువ్వు పోయింది పరలోకానికి కాదనుకో నాయినా" అన్నాను.